గీత గీయించాలా, అతికించాలా?

మా చెల్లెలు కారు కొనుక్కుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు కారు కొనుక్కోవడం కూడా ఓ వార్తేనా అని నవ్వుకోకండి. దానికి ఎనిమిదేళ్ళుగా కారుంది. పిల్లల్ని స్కూల్లో దించడానికి, బియ్యం బస్తాలు తెచ్చుకోవడానికి, ఆదివారం గుడికి వెళ్ళడానికి పనికొచ్చే బూడిదరంగు బండి. అది ఇంటి కారు. ఇప్పుడు కొన్నది దాని కారు. తెల్లటి ఫోర్డ్ మస్టాంగ్. నాలుగేళ్ళు ఎవరో వాడి అమ్మింది. రెండే తలుపులు. వెనక సీట్లో ఎదిగిన పిల్లలు కాళ్ళు చాపుకోలేరు. డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టాలంటే కుస్తీ పట్టాలి. గృహస్థులకి ఎందుకూ కొరగాని కారు. కానీ స్టార్ట్ చేస్తే వచ్చే ఆ గుర్రు చప్పుడు ఫోన్లో వినిపించి మరీ మురిసిపోయింది. మా అమ్మ ఆ చప్పుడు విని "సైలెన్సరు పాడైనట్టుందే, చూపించుకో" అంది.

గొడవ కారు దగ్గర రాలేదు. గీతల దగ్గర వచ్చింది.

ఆ తెల్లకారు ముందు బంపరు నుంచి బానెట్టు మీదుగా, కప్పు మీదుగా, డిక్కీ మీదుగా వెనక బంపరు దాకా రెండు నీలం గీతలు కావాలంది మా చెల్లి. రేసింగ్ గీతలన్నమాట. వాటిని రెండు రకాలుగా వేయించుకోవచ్చు. వినైల్ అనే ప్లాస్టిక్ పొరను కత్తిరించి స్టిక్కరులా అతికించడం ఒకటి. రంగుతో గీయించి, పైన క్లియర్ కోటు కొట్టించి కారు ఒంట్లో కలిపేయడం రెండోది. చెల్లికి రెండోదే కావాలి.

మా మరిది నాకు ఫోన్ చేశాడు. "వదినగారూ, మీరైనా చెప్పండి. స్టిక్కరైతే ఎనిమిది వందల డాలర్లు. పొద్దున్న ఇచ్చి సాయంత్రం తెచ్చుకోవచ్చు. మొహం మొత్తితే పీకేయొచ్చు. ఈవిడగారికి పెయింటే కావాలట. రెండువేల ఎనిమిది వందలు, పది రోజులు. రేపు అమ్ముదామంటే ఎవడు కొంటాడండీ గీతల కారు?"

నిజం చెప్పొద్దూ, నాకు అతని మాటే సబబుగా తోచింది. అతను మంచివాడు. దుబారా అంటే భయం, అంతే. మూడింతలకి పైగా ఖర్చుపెట్టి, వెనక్కి తీసుకోలేని పని ఎందుకు చేయాలి? అదే మాట చెల్లితో అన్నాను, అక్కగారి హోదాలో, కాస్త గట్టిగానే.

అది వెంటనే ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "అక్కా, నువ్వు కథలు రాస్తావు కదా. రేపెవరికైనా నచ్చకపోతే చెరిపేసుకోవచ్చని పెన్సిల్‌తో రాస్తావా?" అంది.

ఏం చెప్పను? ఆ మాట రెండు వారాలు నా చెవిలో జోరీగలా తిరిగింది. కారు నడపడం కూడా సరిగా రాని నేను, మావారు పడుకున్నాక కూర్చుని ఈ గీతల సంగతంతా చదివాను. చదివాక నా అభిప్రాయం మార్చుకున్నాను. గీతే గీయించుకోవాలి. మా చెల్లెలని కాదు. సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో ఓ వస్తువు కొనుక్కున్న ఏ ఆడదైనా సరే.

ముందు ఆ గీతల పుట్టుక చెప్పాలి. నాకది భలే నచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దేశాల మధ్య కార్ల పందేలు మొదలైనప్పుడు ఏ కారు ఏ దేశానిదో దూరం నుంచి తెలియడానికి రంగులు పంచుకున్నారు. ఫ్రాన్సుకి నీలం. బెల్జియానికి పసుపు. 1903లో గోర్డన్ బెన్నెట్ పందెం ఐర్లండులో జరిగినప్పటి నుంచి ఇంగ్లండు వాళ్ళు ఆకుపచ్చ పట్టుకున్నారు. ఇటలీకి ఎరుపు. ఫెరారీ అనగానే నేటికీ ఎర్రకారు కళ్ళ ముందు మెదలడానికి మూలం అదే. అమెరికాకి తెలుపూ నీలమూ దక్కాయి. పైన ఒళ్ళంతా తెలుపు, కింద బండిని మోసే ఇనుప చట్రానికి నీలం. పాతకాలం రేసు కార్లలో ఆ చట్రం బయటికి కనిపించేది కాబట్టి రెండు రంగులూ కనిపించేవి. తర్వాత్తర్వాత కారు ఒళ్ళు కిందిదాకా దిగి చట్రాన్ని కప్పేసింది. మరి నీలం ఏమైపోవాలి? చట్రం దూలాలకి గుర్తుగా ఆ నీలమే రెండు గీతలై కారు నడుమ మీదికి ఎక్కిందంటారు. 1950ల మొదట్లో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందేనికి అలాంటి నీలం గీతల తెల్లకార్లు తీసుకెళ్ళాడు. అంటే అవి అలంకారంగా పుట్టినవి కావన్నమాట. కనబడకుండా పోయిన ఎముక గుర్తులు.

వాటిని రోడ్డు మీది మామూలు కార్లకు అంటించి జనంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు కారల్ షెల్బీ. ఈయన మా చెల్లి ఉంటున్న టెక్సస్ రాష్ట్రం వాడే. 1923లో పుట్టాడు. కుర్రతనంలో కోళ్ళఫారం పెట్టి, కోళ్ళన్నీ రోగమొచ్చి చచ్చిపోతే దివాలా తీశాడు. ఓసారి ఫారం పనిలోంచి బట్టలు మార్చుకునే తీరిక లేక ఆ చారల ఓవరాల్‌తోనే పందేనికి వెళ్ళి, అది కలిసొచ్చిందని తర్వాత కూడా అదే వేసుకుని నడిపేవాడట! 1959లో లె మాన్స్ గెలిచాడు. గుండెజబ్బు వల్ల మరుసటేడు పందేలు మానేసి కార్లు తయారుచేయడంలో పడ్డాడు. 1964 ఏప్రిల్లో ఫోర్డు వాళ్ళు మస్టాంగ్‌ని విడుదల చేస్తే, దాన్ని ఈయన పందెపు గుర్రంగా మార్చాడు. అదే 1965 నాటి జీటీ 350. ఆ యేడు చేసినవన్నీ తెల్లకార్లే. పైనుంచి పోయే వెడల్పాటి నీలం గీతలు మాత్రం అడిగినవాళ్ళకే. 1966లో హెర్ట్జ్ అనే అద్దెకార్ల కంపెనీ కోసం, ఎక్కువగా నల్లకార్ల మీద, బంగారు గీతలు వేయించి దాదాపు వెయ్యి కార్లు ఇచ్చారు. శుక్రవారం అద్దెకి తీసుకుని, శని ఆదివారాలు పందెంలో పరిగెత్తించి, సోమవారం ఏమెరగనట్టు తిరిగిచ్చేసేవాళ్ళని కథలు చెబుతారు. 2019లో వచ్చిన ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమా చూసినవాళ్ళకి ఈ షెల్బీ గుర్తుండే ఉంటాడు.

ఇంకో సంగతి చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. 2020 మోడల్ షెల్బీ జీటీ 500 కారుకి కంపెనీవాళ్ళే ఈ రెండు రకాల గీతలూ పెట్టారు. వినైల్ గీతలకి వెయ్యి డాలర్లు. రంగుతో వేసిన గీతలకి పదివేలు! అప్పటి లెక్కలో ఏడు లక్షల రూపాయల పైమాట. ఆ డబ్బుతో మన దగ్గర అప్పట్లో ఒక కొత్త చిన్న కారే వచ్చేది. గీతలకి అంత పోయాలా అంటే నేను సమర్థించను. పిండి కొద్దీ రొట్టె. ఈ లెక్క చెబితే మా మరిది "చూశారా, మనది చవకే" అనుకుంటాడని నా ఆశ. అతను మాత్రం "అది డెబ్బయివేల డాలర్ల పైన కారు వదినగారూ, దాంతో పోలికా?" అన్నాడు. అదీ నిజమే.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూస్తే గానీ అర్థం కాదు. స్టిక్కరు వేసేటప్పుడు కారుని శుభ్రంగా కడిగి, సబ్బునీళ్ళు చల్లి, పొరని పరిచి, కింద చిక్కిన నీళ్ళనీ గాలినీ ఓ రబ్బరు బద్దతో బయటికి తోస్తారు. వంపులు తిరిగిన చోట వేడిగాలి చూపించి లాగి అతికిస్తారు. చేయి తిరిగినవాడికి ఒక్క పూట పని. పెయింటు అలా కాదు. ఉన్న రంగు మెరుపు పోయేదాకా వాటర్ పేపరుతో రుద్దాలి. మెరుగు మీద మెరుగు నిలవదు. తర్వాత మధ్యగీత పట్టాలి. ఇక్కడే అసలు విద్య. కారు చూడ్డానికి రెండువైపులా సమానంగా ఉన్నట్టుంటుంది గానీ, బానెట్టుకీ బంపరుకీ మధ్య సందు ఓ పక్క సన్నంగా, ఓ పక్క వెడల్పుగా ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే ఒక లెక్క, కంటికి ఇంకో లెక్క. మా చెల్లి వెళ్ళిన షెడ్డులో అరవయ్యేళ్ళాయన ఒకడు, మన తాపీమేస్త్రి దారం పట్టినట్టు ముందు నుంచి వెనక్కి దారం లాగి, పదడుగులు వెనక్కి నడిచి చూసి, మళ్ళీ వచ్చి ఓ నూలువాసి జరిపి, మళ్ళీ వెనక్కి నడిచాడట. అలా రోజంతా. ఫోన్లో అది చూపిస్తుంటే మా అమ్మ పక్కనే కూర్చుని, "చుక్కలు పెట్టడం కుదిరితే ముగ్గు కుదిరినట్టేనే" అంది. అంతవరకూ ఆ కారు గురించి ఆవిడ అన్న మంచిమాట అదొక్కటే.

గీత అంచులకి సన్నటి టేపు, మిగతా కారంతటికీ కాగితాలూ కప్పి, స్ప్రే గన్నుతో నీలం కొడతారు. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపు లాగాలి. ఆలస్యమైతే అంచు పెళుసుగా లేచిపోతుంది. ఆపైన క్లియర్ కోటు రెండు మూడు సార్లు. అది ఆరాక సన్నటి వాటర్ పేపరుతో తడిపి తడిపి రుద్ది, పాలిష్ పడతారు. సరిగ్గా కుదిరిందా లేదా అని తెలుసుకోవడానికి పరీక్ష ఒకటే. కళ్ళు మూసుకుని వేలిగోరుతో తెలుపు నుంచి నీలం మీదికి గీయాలి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తెలుపెక్కడ ముగిసిందో నీలమెక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు.

స్టిక్కరు మీద గోరు తట్టుకుంటుంది. మొదట్లో ఓ వెంట్రుకవాసి అంచు. ఆ అంచులో దుమ్ము చేరుతుంది, నల్లగీత పడుతుంది. కార్లు కడిగే చోట గట్టిగా నీళ్ళు కొడితే మూల లేస్తుంది. గోడకి నిలువుగా అతికించినదాని కన్నా పైకి తిరిగి ఎండని మోసే బానెట్టు మీదా, కప్పు మీదా ఉన్న వినైల్ తొందరగా చస్తుంది. మంచిరకం పొర అయితే అయిదేళ్ళు, ఏడేళ్ళు అంటారు గానీ, టెక్సస్ ఎండ అంటే మన రెంటచింతల ఎండకి తోబుట్టువు. పెళుసెక్కి, చిట్లి, ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

పీకేసినా పోతుందా అంటే, అదీ పూర్తిగా పోదు. మా మరిది "పీకేయొచ్చు" అన్న మాటకి నేను తిరగబడింది ఇక్కడే. స్టిక్కరు కింద ఉన్న రంగుకి ఎండ తగలదు. చుట్టూ ఉన్న రంగు ఎండకి వెలుస్తుంది. ఏళ్ళ తర్వాత పీకితే గీతలు పోతాయి, గీతల నీడ మాత్రం ఉండిపోతుంది.

ఈ మాట చదవగానే నాకు మా అమ్మ నుదురు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ తిలకమే పెట్టుకునేది. తర్వాత స్టిక్కరు బొట్లు వచ్చాయి. చెమటకి కారవు, చీర కొంగుకి అంటవు, స్నానానికి వెళ్తూ అద్దానికి అంటించి వచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో మా ఇంట్లో అద్దం చూస్తే అమ్మ మొహం కంటే అమ్మ బొట్లే ఎక్కువ కనిపించేవి. ఇరవయ్యేళ్ళయ్యాక ఓ రోజు బొట్టు తీస్తే కింద తెల్లమచ్చ, సరిగ్గా బొట్టంత. చర్మవ్యాధుల డాక్టరు చూసి బొట్టు వెనక జిగురులో ఉండే ఓ రసాయనం కొందరి చర్మానికి పడదనీ, అది రంగునిచ్చే కణాలని చంపుతుందనీ చెప్పి మందు రాసిచ్చాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చనే కదా అది పెట్టుకుంది! తీసేశాక కూడా అది నుదుటి మీదే ఉంది. (మీలో ఎవరికైనా బొట్టు కింద దురదగానీ, తెల్లబడటంగానీ ఉంటే వెంటనే మానేసి డాక్టరుకి చూపించుకోండి. కారు సంగతి తర్వాత.)

మా అమ్మమ్మ మోచేతి మీద మాత్రం పచ్చబొట్టుండేది. చిన్నప్పుడు సంతలో పొడిపించుకుందట, ఏడుస్తూనే. ముసలితనంలో చర్మం ముడతలు పడితే పచ్చబొట్టు కూడా ముడతలు పడింది. ఆకు కాస్తా నలిగిన ఆకయింది గానీ, ఊడిపోలేదు. పోయాక నాతో వచ్చేది ఇదొక్కటేనే అని చూపిస్తుండేది. రంగుతో వేసిన గీత కూడా అంతే. కారుతోపాటే ముసలిదవుతుంది.

అలాగని వినైల్‌ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. దాని మేలు దానికుంది. కంపెనీ నుంచి వచ్చిన అసలు రంగుని ముట్టుకోదు. ఏ బండో గుద్ది బానెట్టు సొట్టపడితే, సొట్ట తీయించి ఆ ఒక్క ముక్క కొత్తది అతికించుకోవచ్చు. పెయింటు గీతైతే మళ్ళీ రుద్దుడు, మళ్ళీ దారం, మళ్ళీ నీలం పాతదానితో కలుస్తుందా లేదా అన్న బెంగ. అద్దెకారు లాంటిదో, రెండేళ్ళకోసారి మార్చే కారో అయితే స్టిక్కరే తెలివైన పని. ఇంకో సంగతి. నాసిరకం పెయింటు కంటే మంచి స్టిక్కరు వంద రెట్లు నయం. రుద్దకుండా పైపైన కొట్టేసిన క్లియర్ కోటు రెండు వేసవులకే పొలుసుల్లా లేస్తుంది. కాబట్టి చవగ్గా గీసేవాడు దొరికాడని గీయించుకుంటే మాత్రం మా మరిది మాటే గెలుస్తుంది. గీయించుకుంటే మంచి చేత్తో గీయించుకోవాలి, లేకపోతే మానుకోవాలి.

మంచి చేయి అంటే గుర్తొచ్చింది. రోల్స్ రాయిస్ కారు పక్కన పొడుగునా ఓ సన్నగీత ఉంటుంది, మూడు మిల్లీమీటర్లు. దాన్ని చాలా ఏళ్ళు ఇంగ్లండు ఫ్యాక్టరీలో మార్క్ కోర్ట్ అనే ఒకాయన ఉడుతవెంట్రుకల కుంచెతో చేత్తోనే గీసేవాడు. ఆ ఉద్యోగంలోకి రాకముందు ఆయన పల్లెటూరి పబ్బులకి బోర్డులు రాసేవాడట. అంతదూరం ఎందుకు, బుల్లెట్ మోటారుసైకిల్ ట్యాంకు మీద మెరిసే సన్నటి బంగారు గీతలు మద్రాసు ఫ్యాక్టరీలో చేత్తో గీసినవే. ట్యాంకుని ఎదురుగా పెట్టుకుని, గుక్క బిగపట్టి, స్కేలూ టేపూ లేకుండా ఒక్క లాగుడులో లాగేస్తారు. మన విజయవాడ ఆటోనగర్లో లారీల వెనక నెమళ్ళనీ పూలతీగెల్నీ గీసిన చేతులూ అలాంటివే. ఫ్లెక్సీలూ స్టిక్కర్లూ వచ్చాక ఆ చేతులకి పని తగ్గింది. మా వీధి చివర ఒకప్పుడు కొట్ల బోర్డులు రాసే ఆర్టిస్టు ఉండేవాడు. ‘ళ’ రాస్తే జిలేబీ చుట్టినట్టుండేది. ఇప్పుడు అదే కొట్లో జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఏం చేస్తాడు మరి?

ఇవన్నీ చెప్పి ఒప్పించినా, మా మరిది అసలు భయం గీతల గురించి కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. "వదినగారూ, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. రేపు ఉద్యోగం పోయి, సర్దుకుని రమ్మంటే, ఉన్నవన్నీ నెల తిరక్కుండా అమ్ముకోవాలి. అందుకే ఏది కొన్నా అమ్ముడుపోయేది కొంటాం" అన్నాడు. ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అది లోభం మాట కాదు.

దానికి జవాబు చెల్లే చెప్పింది. అది 2012లో పెళ్ళయి వెళ్ళింది. ఇంజనీరింగ్ ఫస్టు క్లాసు. హెచ్-4 వీసా మీద వెళ్ళినవాళ్ళు అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. మూడేళ్ళకి పైగా ఇంట్లో కూర్చుంది. 2015 మేలో రూలు మారి, భర్తల గ్రీన్ కార్డు కాగితాలు ఓ మెట్టు దాటిన భార్యలకి పనిచేసే అనుమతి ఇచ్చారు. మరుసటేడు అది ఉద్యోగంలో చేరింది. "అక్కా, ఇన్నేళ్ళుగా మా ఇంట్లో గోడకి మేకు కొట్టలేదు తెలుసా? అతికించే హుక్కులు. ఇల్లు వదిలేటప్పుడు మచ్చ పడకూడదని. మంచం విప్పదీసేది, బల్ల మడతపెట్టేది. పూలమొక్క కూడా కుండీలోదే, నేలలో వేస్తే వెంట తీసుకుపోలేమని. నా ఉద్యోగమూ ఓ కార్డు మీద అతికించిందే, మూడేళ్ళకోసారి మళ్ళీ అతికించుకోవాలి. ఒక్కటంటే ఒక్కటి ఊడనిది కావాలి నాకు. వెళ్ళిపొమ్మంటే గీతలతోనే అమ్మేస్తాను. తక్కువకే పోనీ. కొన్నవాడు చెరుపుకోవాలంటే వాడి ఖర్చుతో చెరుపుకుంటాడు" అంది.

అది మాట్లాడుతుంటే నేను మా హాలు గోడ వంక చూస్తున్నాను. ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఆ గోడకి పండిన మామిడిపండు రంగు వేయించుకుందామన్నాను. మావారు "రేపు అద్దెకిస్తే వచ్చేవాళ్ళకి నచ్చద్దూ?" అన్నారు. క్రీమ్ కలర్ వేయించాం. పదకొండేళ్ళయింది. ఆ అద్దెవాళ్ళు ఇంకా రాలేదు. వాళ్ళ ఇష్టం కనుక్కోకుండానే వాళ్ళకి నచ్చే రంగులో మేం కాపురం చేస్తున్నాం.

మనలో ఎంతమందిమి ఇలా లేం? సోఫాకి కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద దుప్పటి. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు. పట్టుచీర కడితే నలుగుతుందని బీరువాలోనే మడతల దగ్గర చిరిగిపోనిస్తాం. నగ చేయించుకునేటప్పుడు కూడా మనకి నప్పే రాళ్ళనగ కాదు, "రాళ్ళకి డబ్బు రాదమ్మా, అమ్మేటప్పుడు తరుగు పోతుంది" అని అమ్మబోయే రోజుని తల్చుకుని చేయించుకుంటాం. ఆ జాగ్రత్త లేకుండా మన అమ్మలు సంసారాలు ఈదేవాళ్ళా అంటే, ఈదలేరు. ఆ నగలు తాకట్టు పెట్టే నాకూ చెల్లికీ ఫీజులు కట్టింది మా అమ్మ. అందుకే దాన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. కానీ అన్నీ అమ్మకం కోసమే అయితే వాడుకోవడం ఎప్పుడు? అమ్మకం ధర చూడకుండా కొనుక్కునే వస్తువు జీవితంలో ఒక్కటైనా ఉండకూడదా? మగవాళ్ళు కెమెరాలకీ మోటారుసైకిళ్ళకీ పెట్టేటప్పుడు ఈ లెక్క అంత గట్టిగా వేయరు. దాన్ని ‘హాబీ’ అంటారు. మనం పెడితే మోజు.

చెల్లి గీతలు గీయించుకుంది. పది రోజులన్నది పదమూడు రోజులయింది. కారు ఇంటికి వచ్చిన సాయంత్రం మా మరిదే ఫోన్ చేసి, కెమెరా ముందు నుంచి వెనకదాకా నడిపించి చూపించాడు. వేలిగోరుతో గీసి చూపించాడు కూడా. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "వంకర లేదులే" అంది.

సరిగ్గా నెలకి హైవే మీద ముందు వెళ్తున్న ట్రక్కు చక్రం నుంచి ఓ రాయి ఎగిరొచ్చి బానెట్టు మీద, ఎడమ గీత మధ్యలో తగిలింది. సెనగగింజంత నీలం లేచిపోయింది. మరిది నాకు ఫొటో పంపాడు. కింద "చూశారా వదినగారూ" అని ఒక్క ముక్క. స్టిక్కరైతే ఆ ముక్క మార్చేవాళ్ళమని దాని అర్థం. నాకు గుండె గతుక్కుమంది. ఒప్పించిన పాపంలో నాకూ వాటా ఉంది కదా!

చెల్లి ఏడవలేదు. షెడ్డాయన మిగిలిన నీలం రంగు చిన్న సీసాలో పోసిచ్చాడట. శనివారం పొద్దున్నే కారు ఎండలో పెట్టి, పళ్ళపుల్లతో చుక్క చుక్కగా ఆ గుంటని నింపింది. ఆరేదాకా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. చెబితే తప్ప ఆ మచ్చ కనిపించదట. మా మరిది మాత్రం వచ్చినవాళ్ళందరినీ బయటికి తీసుకెళ్ళి, "ఇదిగో, ఇక్కడ, మా ఆవిడే సరిచేసింది" అని చూపిస్తున్నాడట.